పేరు పెట్టి పిలవండి: ఒక చలనచిత్ర సమాజానికి బహిరంగ లేఖ

చలనచిత్ర సమాజం కార్యవర్గానికి, ఆ ఆదివారం సాయంత్రం నాతోపాటు హాల్లో కూర్చున్న సభ్యులకు,

నమస్కారం.

మీ సంస్థ పేరు ఈ లేఖలో రాయడం లేదు. హాలు అద్దెకు చందాలు పోగుచేసి, ఉద్యోగాలు చేసుకుంటూనే సెలవు రోజులు ధారపోసి, ఏళ్ళ తరబడి మాకు పరాయి దేశాల సినిమాలు చూపిస్తున్నవారు మీరు. నేను చూసిన మంచి చిత్రాల్లో సగం మీ చలవే. మిమ్మల్ని నలుగురిలో నిలబెట్టి నిందించాలని ఈ ఉత్తరం మొదలుపెట్టలేదు. అయితే ఆ రోజు చర్చలో నేను లేచి మాట్లాడవలసింది. మాట్లాడలేదు. చెప్పులు వేసుకుని మెట్లు దిగి వచ్చేశాను. అప్పటి నుంచి మనసు కుదుటపడలేదు.

మీరు చూపించింది వందేళ్ళ కిందటి కథ. తూర్పు యూరప్‌లోని యూదు ఊళ్ళ నుంచి ఓడలెక్కి దక్షిణ అమెరికా చేరిన అమ్మాయిలు, పెళ్ళి పేరుతోనో పని పేరుతోనో వారిని తీసుకెళ్ళి వ్యభిచార గృహాలకు అమ్మిన మనుషులు. చిత్రం మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. తీసినవారు శ్రద్ధగానే తీశారు. నా బాధంతా దాని చుట్టూ మనం అల్లినదాని గురించి. మీ పోస్టరు, మీరు పంచిన పరిచయ పత్రం, ఆ తర్వాత గంటసేపు సాగిన చర్చ.

పోస్టరు మీద ఒక స్త్రీ నగ్నమైన వీపు, దాని మీద ఎర్రటి వెలుగు. కింద పెద్ద అక్షరాలతో ‘పొలాకాలు: రాత్రుల రాణులు’ అని. ఆ మాటలు ఎవరు రాశారో తెలుసుకోవాలని నాకు లేదు. ‘పొలాకా’ అంటే ఏమిటో రాసినవారికి తెలిసి ఉండదని మాత్రం నమ్ముతున్నాను. స్పానిష్‌లోనూ పోర్చుగీసులోనూ ఆ మాటకు పోలండు స్త్రీ అనే అర్థం. అంతకు మించి అందులో ఏమీ లేదు. ఇరవయ్యో శతాబ్దం మొదటికల్లా బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో, అర్జెంటీనాలోని బ్యూనస్ ఐరిస్‌లో అదే మాట వేశ్య అనే అర్థంలో స్థిరపడిపోయింది. రష్యా నుంచి వచ్చినా, రుమేనియా నుంచి వచ్చినా అదే పేరు. బ్రెజిల్‌లో పొలం దున్నుకుని బతికిన పోలండు కుటుంబాల ఆడవాళ్ళకు సైతం ఆ మాట ముల్లులా గుచ్చుకునేది. చివరికి వారి కోసం ‘పొలోనేజా’ అనే వేరే మాటను వాడుకలోకి తెచ్చుకోవలసి వచ్చింది. తమ దేశం పేరును తామే వదులుకోవలసి రావడం ఎంత అవమానమో ఆలోచించండి.

ఆ అవమానం రుచి నాకు తెలుసు. నేను పుట్టింది బొంబాయిలో, కామాటిపురలో.

ఆ పేరు మనది. పద్దెనిమిదో శతాబ్దం చివర బొంబాయి దీవుల మధ్య నీటిని పూడ్చి నేల చేస్తున్న కాలం నుంచి, నిజాం ఏలుబడిలోని తెలుగు పల్లెల వారు అక్కడికి కూలికి వెళ్ళారు. మట్టి మోశారు, రాళ్ళు కొట్టారు, గోడలు లేపారు. కామాటీలు అన్నారు వారిని. వారు గుడిసెలు వేసుకున్న పల్లపు నేల కామాటిపుర అయింది. ఇప్పుడు ఆ పేరు ఎత్తి చూడండి. ఎదుటివారి పెదవి చివర ఒక వంకర కనిపిస్తుంది. ఆ వంకరను నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. నా పెళ్ళిచూపుల్లో మా నాన్న ‘బైకుల్లా దగ్గర ఉంటాం’ అన్నారే కాని, ఊరి పేరు నోట పలకలేదు. పాలమూరు నుంచి వచ్చి, తాపీపని చేసి, ఆ నగరంలో ఎన్ని మేడలకు గోడలు కట్టారో లెక్కలేని మా తాత కొడుకు ఆయన. సొంత గల్లీ పేరు చెప్పుకోలేకపోయారు. చర్చలో నేను నోరు విప్పలేకపోయింది కూడా అందుకే. ‘మీకెలా తెలుసు ఈ సంగతులన్నీ?’ అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి అనే జంకు. అరవై దాటిన మనిషిని, ఇంకా జంకు.

మా నాయనమ్మ 1920లలో, కొత్త కోడలిగా అక్కడ అడుగుపెట్టింది. మా గల్లీకి కొద్ది దూరంలో కర్సేట్జీ సుఖ్లాజీ వీధి ఉండేది. జనం దాన్ని సఫేద్ గల్లీ అనేవారు, తెల్ల గల్లీ. అక్కడి ఇళ్ళలో యూరప్ స్త్రీలు ఉండేవారు. “దొరసానులు కూడా ఇట్లా గడప మీద కూచుంటరా అని బిత్తరపోయిన బిడ్డా. ఒకామె నన్ను చూసి నవ్వేది. ఏ దేశమో, ఏ భాషో” అని చెప్పేది. ఆ ‘ఏ దేశమో’ అన్న ప్రశ్నకు జవాబు నాకు ఆమె పోయిన చాలా ఏళ్ళకు, బొంబాయి పోలీసుల పాత రికార్డులు తవ్విన చరిత్రకారుల రచనల్లో దొరికింది. ఆ స్త్రీలలో చాలామంది రష్యా సామ్రాజ్యం నుంచి, పోలండు నుంచి, రుమేనియా నుంచి వచ్చిన యూదులు. 1869లో సూయెజ్ కాలువ తెరుచుకున్నాక ఓడలతోపాటు ఈ వ్యాపారం కూడా పోర్ట్ సయ్యద్ మీదుగా తూర్పుకు పాకింది. బొంబాయి, కలకత్తా, సింగపూరు. ఇంగ్లండు స్త్రీలు ఈ వృత్తిలో కనిపిస్తే తెల్లజాతి పరువు పోతుందని బ్రిటిష్ అధికారులు భయపడ్డారు, అటువంటివారిని ఓడెక్కించి వెనక్కి పంపారు. తూర్పు యూరప్ స్త్రీల విషయంలో మాత్రం చూసీచూడనట్టు ఊరుకున్నారు. పాలకుల లెక్కలో వారు పూర్తిగా తెల్లవారూ కాదు, పూర్తిగా మనుషులూ కాదు.

కాబట్టి ఈ కథ ఎక్కడో సముద్రాలకు ఆవల జరిగిందని నేను అనుకోలేను. మా నాయనమ్మను చూసి నవ్విన ఆ మనిషి ఎవరో, ఆమెను ఏ పేరుతో పిలిచేవారో నాకు ఎప్పటికీ తెలియదు. మీ పోస్టరు మీద ఉన్న ముఖం లేని వీపును చూసినప్పుడు నాకు ఆమే గుర్తొచ్చింది.

ఇక చర్చ సంగతి. ఒక యువకుడు లేచి, ‘వాళ్ళకు తెలిసే వెళ్ళారు కదా? అంత అమాయకులా?’ అని అడిగాడు. హాల్లో చాలా తలలు ఊగాయి. ఆ అబ్బాయి చెడ్డ మనసుతో అడగలేదు. ఆ ప్రశ్న ఆ కాలంలోనే జెనీవాలోని నానాజాతి సమితి కూడా వేసుకుంది. మారువేషాల్లో మనుషులను ఓడరేవులకు పంపి విచారణ జరిపించి, 1927లో నివేదిక వెలువరించింది. నిజం చెప్పాలంటే కొందరికి తెలుసు. అప్పటికే వార్సాలోనో ఒడెస్సాలోనో అదే బతుకులో ఉండి, సముద్రం దాటితే కాస్త మెరుగ్గా ఉంటుందని వెళ్ళినవారు ఉన్నారు. కొందరికి సగం తెలుసు. కొందరికి ఏమీ తెలియదు. అయితే ఏమిటి? వెళ్ళేటప్పుడు తెలిసిందా లేదా అన్నది కొలమానం అయితే, వెళ్ళాక తలుపుకు తాళం ఎవరు వేశారు, సంపాదన ఎవరు లాక్కున్నారు, తిరిగి వస్తానంటే ఎవరు కొట్టారు అన్న ప్రశ్నలన్నీ గాలికి పోతాయి.

ఆ అమ్మాయిల పుట్టిళ్ళ పరిస్థితి ఎలా ఉండేదో కాస్త చెప్పనివ్వండి. మీ పరిచయ పత్రంలో దీని గురించి ఒక్క వాక్యం కూడా లేదు. రష్యా చక్రవర్తి జారు ప్రభుత్వం యూదులను పశ్చిమ సరిహద్దు జిల్లాల్లోనే ఉండాలని కట్టడి చేసింది. భూమి కొనడానికి, చదువుకోవడానికి, కొన్ని వృత్తులు చేయడానికి అడ్డంకులు. 1881లో జారు హత్య తర్వాత, మళ్ళీ 1903లో కిషినేవ్‌లో, ఇళ్ళ మీద పడి చంపిన మూకలు. మగవాళ్ళు వలస పోయారు, ఆడపిల్లలు మిగిలారు. పెళ్ళి చేయాలంటే కట్నం కావాలి. ఈ మాట దగ్గర తెలుగు పాఠకులకు నేను విడమరచి చెప్పవలసింది ఏమీ లేదు. అటువంటి ఇంటికి మంచి కోటు వేసుకుని, వేలికి ఉంగరం పెట్టుకుని, బ్యూనస్ ఐరిస్‌లో వ్యాపారం ఉందని చెప్పుకునే పెళ్ళికొడుకు వస్తాడు. కట్నం వద్దంటాడు. ఓడ ఖర్చు కూడా తనదేనంటాడు. ఆ తండ్రి స్థానంలో మనం ఉంటే ఏం చేసి ఉండేవాళ్ళం?

పెళ్ళి కూడా ఎటువంటిదో తెలియాలి. యూదు ధర్మం ప్రకారం ఇద్దరు సాక్షుల ముందు ఉంగరం తొడిగితే అది పెళ్ళే. ప్రభుత్వ పుస్తకాల్లో మాత్రం దాని జాడ ఉండదు. ‘మౌన వివాహం’ అనేవారు దాన్ని. అంటే దేవుడి ముందు ఆమె భార్య, చట్టం ముందు ఎవరికీ ఏమీ కాదు. అతను ఆమెను ఓడరేవులో ఇంకొకడికి అమ్మేసి మాయమైతే, ధర్మం ప్రకారం ఆమెకు విడాకులూ లేవు, మరో పెళ్ళీ లేదు. అలా చిక్కుపడిపోయిన స్త్రీకి హీబ్రూలో ‘అగునా’ అనే మాట ఉంది, గొలుసుతో కట్టేసినది అని. ఆ గొలుసును పుట్టింటి మతమే తొడిగింది, దాని రెండో కొసను వ్యాపారి పట్టుకున్నాడు. మీరు చూపించిన చిత్రంలో పెళ్ళి సన్నివేశం నిమిషంన్నరలో అయిపోయింది. నా వెనక వరుసలో ఎవరో ఫోను చూసుకుంటున్నారు. నిజానికి కథ తిరిగింది అక్కడ. ఆ తర్వాత వచ్చిన పడకగది సన్నివేశాలు దాని పర్యవసానం.

చర్చలో ఒక్కరు కూడా ఎత్తని పేరు ఒకటుంది. రాకెల్ లిబర్మన్. ఆమె గురించి తెలియకుండా ఈ చరిత్ర మీద మాట్లాడడం కుదరదు.

1900లో ఇప్పటి ఉక్రెయిన్‌లోని బెర్దిచివ్‌లో పుట్టింది. చిన్నతనంలోనే కుటుంబం వార్సాకు వెళ్ళింది. 1919లో దర్జీ పని తెలిసిన యువకుణ్ణి పెళ్ళాడింది. అతను బతుకుతెరువు కోసం ముందుగా అర్జెంటీనా వెళ్ళి, తపాల్కే అనే చిన్న ఊళ్ళో ఉన్నాడు. ఆమె ఇద్దరు కొడుకులను తీసుకుని 1922లో అతని దగ్గరకు చేరింది. ఏడాది తిరగకుండానే అతను క్షయతో చనిపోయాడు. భాష రాని దేశం, ఇద్దరు పసిపిల్లలు. పిల్లలను ఆ ఊళ్ళోనే ఇరుగుపొరుగు కుటుంబానికి అప్పగించి, పని వెతుక్కుంటూ బ్యూనస్ ఐరిస్ వెళ్ళింది. అక్కడ స్త్రీలను అమ్మే యూదు దళారుల ముఠా చేతిలో పడింది.

ఆ ముఠాకు ఒక పద్ధతి ఉండేది. 1906లో ‘వర్సోవియా’ అనే పేరుతో, పరస్పర సహాయ సంఘంగా, చనిపోయిన సభ్యులకు అంత్యక్రియలు జరిపించే సంఘంగా ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకున్నారు. వర్సోవియా అంటే వార్సా. తమ రాజధాని పేరును ఇలా వాడుకోవడం మీద పోలండు ప్రతినిధులు అభ్యంతరం చెప్పాక, 1920ల చివరలో ‘త్స్వి మిగ్దాల్’ అని మార్చుకున్నారు. కోర్దొబా వీధిలో వారికి సొంత భవనం, అందులో సొంత ప్రార్థనాలయం. పోలీసులకు, అధికారులకు నెలనెలా ముట్టవలసినవి ముట్టేవి. నగరంలో 1875 నుంచే వ్యభిచార గృహాలకు పురపాలక అనుమతి ఉంది కాబట్టి ఇల్లు నడపడం నేరం కాదు. 1913లో సోషలిస్టు ప్రతినిధి అల్ఫ్రెదో పలాసియోస్ చొరవతో స్త్రీలను వ్యాపారం చేసేవారిని శిక్షించే చట్టం వచ్చినా, సాక్ష్యం చెప్పే మనిషి కావాలి. ఎవరు చెబుతారు?

రాకెల్ పైసా పైసా కూడబెట్టి తన విడుదలను తానే కొనుక్కుంది. కయావో వీధిలో పాత వస్తువుల దుకాణం పెట్టుకుంది. ఇక్కడితో కథ సుఖాంతం అయి ఉండేది. కానీ ఒక స్త్రీ తప్పించుకుంటే మిగతావారు కూడా దారి చూసుకుంటారని ముఠా భయం. హోసె సలొమోన్ కోర్న్ అనే మనిషి ఆమె జీవితంలోకి వచ్చాడు. ప్రేమించానన్నాడు, పెళ్ళి చేసుకున్నాడు. ఆ పెళ్ళి జరిగింది కోర్దొబా వీధి భవనంలో. ఆమె కష్టార్జితం అతని చేతికి పోయింది, ఆమె మళ్ళీ అదే నరకానికి వచ్చి పడింది. ఈసారి ఆమె ఊరుకోలేదు. 1929 డిసెంబరు 31న, ఊరంతా కొత్త సంవత్సరానికి సిద్ధమవుతున్న రోజున, హులియో అల్సొగరాయ్ అనే పోలీసు అధికారి ముందు కూర్చుని పేర్లతో సహా ఫిర్యాదు చేసింది. లంచం తీసుకోని అధికారి అతను. న్యాయమూర్తి రొద్రిగేస్ ఒకాంపో కూడా వెనక్కి తగ్గలేదు. 1930 మే నెలలో దాడులు జరిగాయి. 108 మందిని నిర్బంధంలో ఉంచమని ఉత్తర్వు వచ్చింది. చాలామంది అంతకు ముందే దేశం దాటారు. 1931 జనవరిలో అప్పీలు న్యాయస్థానం ముగ్గురు తప్ప అందరినీ వదిలేసింది. కారణం, సాక్ష్యం చాలదని. ఆమె తప్ప మరో బాధితురాలు నోరు విప్పలేదు మరి.

ముఠా మాత్రం మళ్ళీ మునుపటిలా లేవలేదు. పేర్లు బజారున పడ్డాయి. 1934లో నగరంలో అనుమతి ఉన్న గృహాలను మూసేశారు, 1936లో దేశమంతటికీ చట్టం చేశారు. ఆమె దాన్ని చూడలేదు. కొడుకులతో పోలండు వెళ్ళిపోవాలని ఏర్పాట్లు చేసుకుంటూ ఉండగానే, 1935 ఏప్రిల్‌లో గొంతు గ్రంథి క్యాన్సర్‌తో చనిపోయింది. ముప్పై నాలుగేళ్ళు.

నన్ను అన్నిటికంటే కదిలించింది ఇదంతా కాదు. పోలీసుల ముందు ఆమె తనకు పిల్లలున్నారని చెప్పలేదు. భర్త సంగతి, తపాల్కే సంగతి దాచింది. ఒంటరిగా వచ్చినట్టు, వచ్చిన సంవత్సరం కూడా మార్చి చెప్పింది. పిల్లల జోలికి ఎవరూ రాకూడదని, వారి మీద తన నీడ పడకూడదని. అందువల్ల దశాబ్దాల పాటు పత్రికలు, పుస్తకాలు ఆమెను ఎవరూ లేని వేశ్యగానే రాశాయి. కుటుంబం దాచుకున్న ఫొటోలు, భార్యాభర్తలు తూర్పు యూరప్ యూదుల భాష యిడ్డిష్‌లో రాసుకున్న ఉత్తరాలు 1990లలో పరిశోధకుల కంట పడ్డాకే ఆమె తల్లి అని, ప్రేమగా చూసుకున్న మొగుడి కోసం సముద్రం దాటి వచ్చిన ఇల్లాలని లోకానికి తెలిసింది. ‘అంత అమాయకులా’ అని అడిగిన ఆ తమ్ముడికి నేను చెప్పాలనుకున్నది ఈ ముక్కే. ఆమె అమాయకురాలు కాదు. న్యాయస్థానంలో తన పరువును పణంగా పెట్టి, పిల్లల పరువును కాపాడుకునేంత తెలివిగలది.

ఇంకొక పెద్దాయన, ‘వాళ్ళవాళ్ళే వాళ్ళ ఆడపిల్లలను అమ్ముకున్నారు, అదే వింత’ అన్నారు. అయ్యా, మీ వయసుకు నమస్కారం, కానీ ఈ మాట చాలా జాగ్రత్తగా అనవలసినది. అదే నగరంలో ఫ్రాన్సు నుంచి వచ్చిన దళారులు ఫ్రెంచి అమ్మాయిలతో అదే వ్యాపారం చేశారు. వారి మీద ఆల్బేర్ లోంద్ర్ అనే పాత్రికేయుడు 1927లో పుస్తకమే రాశాడు. ఇటలీవారూ చేశారు. ఫ్రెంచి దళారిని దళారి అన్నారు, యూదు దళారిని చూపించి మాత్రం జాతి మొత్తాన్ని అన్నారు. వియన్నాలో చూశానంటూ ఇదే నిందను హిట్లర్ తన పుస్తకంలో రాసుకున్నాడు. ఆ నింద ఎక్కడి దాకా వెళ్ళిందో మీకు నేను చెప్పనక్కరలేదు. వార్సాలో ఆ అమ్మాయిలు వదిలి వచ్చిన అక్కచెల్లెళ్ళు ఏమయ్యారో కూడా.

ఈ వ్యాపారంతో ముందుగా కలబడినవారిలో యూదులు కూడా ఉన్నారు, ముఖ్యంగా యూదు స్త్రీలు. లండన్‌లో 1885లోనే బాలికల, స్త్రీల రక్షణకు సంఘం పెట్టి, రేవులకు మనుషులను పంపి, ఒంటరిగా దిగే అమ్మాయిలను కలుసుకున్నారు. జర్మనీలో బెర్తా పాపెన్‌హైమ్ 1904లో యూదు మహిళా సమాఖ్యను స్థాపించి, తూర్పు యూరప్‌లోని గలీషియా ప్రాంతపు ఊళ్ళు తిరిగి, ‘ఈ సంగతి బయటకు చెబితే శత్రువుల చేతికి ఆయుధం ఇచ్చినట్టే’ అని వెనక్కి లాగిన మతపెద్దలను ఎదిరించింది. మనస్తత్వ శాస్త్రం చదివినవారికి ఆమె ‘అన్నా ఓ’ అనే రోగిగా తెలుసు. ఆ పేరు కూడా ఇతరులు పెట్టిందే. ఇంటి గుట్టు బయటపెట్టాలా, పిల్లలను పోగొట్టుకోవాలా అన్న ఆ నలుగుబాటు మనకు తెలియనిదేమీ కాదు. చర్చ జరగవలసింది దాని మీద.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతికి వస్తాను. శ్మశానాలు.

బ్యూనస్ ఐరిస్ యూదు సమాజం ఈ వ్యాపారులనూ, ఈ స్త్రీలనూ ఒకే గాటన కట్టి ‘త్మేయిం’ అన్నది. మనకు దానికి సరిపోయే మాట ఉంది, మైల. మైలపడినవారు. ప్రార్థనాలయానికి రానివ్వలేదు, విరాళం ఇస్తామన్నా తీసుకోలేదు, నాటకశాలల్లో వారు కూర్చోకూడదని ఉద్యమాలు నడిచాయి. వ్యాపారులను దూరంగా పెట్టడం నాకు అర్థమవుతుంది, ఆ కట్టుబాటుకు చేతులెత్తి మొక్కుతాను కూడా. అమ్మినవాడికీ అమ్ముడుపోయినదానికీ ఒకే శిక్ష ఏమిటన్నదే నా ప్రశ్న. చనిపోయాక కూడా సమాజపు శ్మశానంలో చోటు ఇవ్వలేదు. యూదులకు తమవారి మధ్య, తమ మంత్రాలతో, తెల్ల గుడ్డలో మట్టిలో కలవడం ఎంత పెద్ద విషయమో తెలిస్తే ఆ వెలి ఎంతటిదో తెలుస్తుంది. ముఠా తన సంఘాన్ని అంత్యక్రియల సంఘంగా ఎందుకు నమోదు చేసుకుందో కూడా అప్పుడే అర్థమవుతుంది. బతికినన్నాళ్ళూ పీల్చి పిప్పి చేసినవాడే చచ్చాక ఆరడుగుల నేల ఇస్తాడు. బ్యూనస్ ఐరిస్ పక్కనున్న అవెల్యనేదాలోని ఆ శ్మశానంలో అమ్మినవారూ అమ్ముడుపోయినవారూ పక్కపక్కనే ఉన్నారు.

రియోలో అలా జరగలేదు. అక్కడ 1906లో ఏర్పడిన సహాయ, అంత్యక్రియల సంఘాన్ని దశాబ్దాల పాటు ఆ స్త్రీలే నడిపారు. అధ్యక్షురాలు వారిలో ఒకరు, ఖజానా వారిది, నెలసరి చందా వారిది. జబ్బుపడినవారికి వైద్యం, ముసలివారికి ఆసరా, పండుగలకు సొంత ప్రార్థనాలయం. 1916లో నగరం శివారు ఇన్యౌమాలో నేల సంపాదించి సొంత శ్మశానం ఏర్పాటు చేసుకున్నారు. శవానికి స్నానం చేయించి, మంత్రం చదివి, గుడ్డ కట్టే పని మరెవరూ చేయరు కాబట్టి తామే నేర్చుకున్నారు. రెబెకా ఫ్రీడ్మన్ అనే ఆమె తన తోటివారికి ఏళ్ళ తరబడి ఆ చివరి స్నానం చేయించింది. నూరేళ్ళు దాటి బతికింది. మైలపడినవారన్న ముద్ర వేయించుకున్న స్త్రీలు ఒకరినొకరు కడిగి శుద్ధి చేసుకుని సాగనంపారు. ఇన్యౌమా రాళ్ళ మీద హీబ్రూ అక్షరాలు ఉన్నాయి, పేర్లు ఉన్నాయి, కొన్నిటి మీద ఫొటోలు కూడా ఉన్నాయి. ఇళ్ళలో కస్టమర్లు పిలిచిన పేర్లు కావు అవి. తల్లిదండ్రులు పెట్టిన పేర్లు.

వీరిని ‘రాత్రుల రాణులు’ అనవచ్చునా? ఏ రాణి తన శవం ఎక్కడ పడుతుందో అని నెలనెలా చందా కట్టింది?

మిత్రులారా, నేను సినిమాలో నగ్నత్వం వద్దనడం లేదు. ఈ కథలో శరీరం లేకుండా ఎలా? నా మనవి ఏమిటంటే, ఆ శరీరం స్నానం చేయించుకున్న శరీరం కూడా, బిడ్డలను కన్న శరీరం కూడా, క్యాన్సర్‌తో కృశించిన శరీరం కూడా. పోస్టరుకు మీరు ఎన్నుకున్న ఒక్క వీపు, కస్టమరు తలుపు తెరిచినప్పుడు చూసేది. అంటే మమ్మల్నందరినీ, మీకు తెలియకుండానే, ఆ తలుపు దగ్గర నిలబెట్టారు. గంటసేపు చర్చ కూడా అక్కడే నిలబడి చేశాం.

వచ్చే నెల రెండో ప్రదర్శన ఉందని మీ ప్రకటనలో చూశాను. కాబట్టి కొన్ని కోరికలు. ఆ పోస్టరును పక్కన పెట్టండి. ఫొటో కావాలంటే ఇన్యౌమా సమాధి రాయి ఒకటి చాలు. పరిచయ పత్రంలో ‘పొలాకా’ అన్న మాట రాయక తప్పకపోతే, అది తిట్టు అని, ఎవరు ఎవరిని తిట్టారో కూడా రాయండి. కట్నం, మౌన వివాహం, అగునా, వీటి గురించి ఒక పేరా చేర్చండి. దాన్ని నేను రాసి ఇవ్వగలను, కాగితం ఖర్చు కూడా నేనే పెట్టుకుంటాను. సఫేద్ గల్లీ గురించి నాలుగు వాక్యాలు ఉండాలి. కామాటిపుర గురించి తెలుగులో మాట్లాడుకోవడానికి ఇంతకంటే తగిన సందర్భం దొరకదు. వీలైతే ఈసారి చర్చను ఒక స్త్రీ నడపాలి. ఆ రోజు హాల్లో మేము పద్నాలుగు మందిమి ఉన్నాం, లెక్కపెట్టాను. ఒక్కరమూ మాట్లాడలేదు. అందులో మా తప్పు కూడా ఉంది, నాది ఎక్కువ.

ఇంకొకటి. చిత్రం మొదలయ్యే ముందు, దీపాలు ఆర్పకముందు, ఎవరైనా లేచి నిలబడి రాకెల్ లిబర్మన్ పేరు, రెబెకా ఫ్రీడ్మన్ పేరు గట్టిగా చదవాలి. ఆ తర్వాత, పేరు తెలియని ఒకామె కోసం, మా నాయనమ్మను చూసి నవ్విన ఆమె కోసం, ఒక క్షణం ఆగాలి. చదవడానికి మనిషి లేకపోతే నేను వస్తాను. ఈసారి ముందు వరుసలో కూర్చుంటాను. ఎక్కడ పుట్టారని ఎవరైనా అడిగితే బైకుల్లా దగ్గర అని చెప్పను.

ఇట్లు,
కామాటిపుర పదో గల్లీలో పుట్టిన
మీ సంఘ సభ్యురాలు